బలానికో మోతాదు

విజయనగరం చూడడానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వీధుల గురించి, సంతల గురించి, మహర్నవమి ఉత్సవాల గురించి పేజీలకు పేజీలు రాశాడు. వాటి మధ్య ఒక చిన్న పేరా శ్రీకృష్ణదేవరాయల పొద్దుటి పనుల మీద ఉంది. రాయలు తెల్లవారకముందే లేచి ముప్పావు పైంటు నువ్వులనూనె తాగేవాడట. అదే నూనె ఒళ్లంతా పట్టించి, గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు ఎత్తేవాడు. తరువాత కత్తి పట్టి, పూసుకున్న నూనె చెమటతో కారిపోయేదాకా తిప్పేవాడు. ఆ పైన ఆస్థాన మల్లుల్లో ఒకరితో కుస్తీ. అదీ అయ్యాక గుర్రమెక్కి, వెలుగు వచ్చేదాకా మైదానంలో అటూ ఇటూ దౌడు.

నూనె సంగతి పక్కన పెడదాం. పాయెస్ కొలత నిజమైతే ఆ ఒక్క గుటకలోనే మూడువేలకు పైగా కిలోకేలరీలు ఉన్నాయి, కష్టజీవికి రోజంతటికీ చాలేటన్ని. వ్యాయామాల వరస మాత్రం గమనించదగ్గది. ముందు బరువు, తరువాత వేగం, ఆ తరువాత ఎదుటి మనిషితో పట్టు, చివర సవారీ. ఒంట్లో శక్తి ఉండగానే బరువుల పని ముగించాలని నేటి శిక్షకులు కూడా చెబుతారు. అంటే ఆ వరసను ఎవరో ఆలోచించి పెట్టారు. ఆ మట్టి బరువు ఎంత ఉండాలి, ఎన్నిసార్లు ఎత్తాలి, ఏ రోజు మానుకోవాలి అని రాజుగారికి చెప్పగలిగిన గరిడీ గురువు ఒకడు ఉండే ఉంటాడు. పాయెస్ ఆ మనిషి పేరు రాయలేదు.

ఈ అధ్యాయం ఆ పేరులేని మనిషి గురించి. రాయల రాజ్యంలో ముఖ్యమైన కోట పెనుకొండ. అక్కణ్ణుంచి పడమరగా మడకశిర దాటి వెళితే కర్ణాటక సరిహద్దు పక్కన గుడిబండ వస్తుంది. ఇటువైపు ఊళ్లలో గుండెత్తడం, సంగడీలు తిప్పడం, దండీలూ బస్కీలూ తీయడం తాతల నాటి విద్యలు. తిరునాళ్లలో గుండును భుజం దాటించినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. ఏ గుండుతో మొదలుపెట్టాలో, ఏ నెలలో దేన్ని ముట్టుకోవాలో పక్కన నిలబడి చెప్పినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. ఆ చెప్పే పనికి జీతం, హోదా, పరీక్షలు, చివరికి కోర్టు కేసులు కూడా వచ్చింది మాత్రం మనకు చాలా దూరంలో, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో.

అది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. హెల్మెట్లు, భుజాల మీద గట్టి కవచాలు, ముందు వరసలో 130 కిలోల మనుషులు. బంతి వెనక్కి అందించగానే ఇటువాళ్లు అటువాళ్లను శరీరాలతో ఢీకొంటారు. నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణంలో విశ్వవిద్యాలయ జట్టు ఆడే రోజున స్టేడియంలో చేరే జనాన్ని లెక్కేస్తే రాష్ట్రంలో అది మూడో పెద్ద ఊరవుతుందని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

1969లో ఆ విశ్వవిద్యాలయంలో బాయ్డ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ ఆటగాడు వెన్నుకు దెబ్బ తగిలి బరువుల గదిలో కాలం గడుపుతున్నాడు. దెబ్బలు తగిలిన ఫుట్‌బాల్ కుర్రాళ్లు కొందరు అదే గదికి వచ్చి, అతను చేసేది చూసి తామూ చేశారు. తిరిగి మైదానంలోకి వెళ్లినప్పుడు మునుపటికంటే గట్టిగా ఉన్నారు. సహాయక కోచ్ టామ్ ఆస్బోర్న్ కంట్లో ఇది పడింది. ఎప్లీని పిలిపించి, జట్టు మొత్తానికి బరువులు నేర్పమన్నాడు. హెడ్ కోచ్ బాబ్ డెవానీకి మాత్రం నమ్మకం లేదు. కండ పెరిగితే ఒళ్లు బిగుసుకుపోతుంది, ఆటగాడు మందగిస్తాడని ఆ రోజుల్లో కోచ్‌లందరికీ గట్టి భయం. చివరికి ఒప్పుకున్నాడు గానీ, ఒక్కడి వేగం తగ్గినా నీ ఉద్యోగం పోతుందని ముందే చెప్పేశాడు.

ఎవరి వేగమూ తగ్గలేదు. 1970లోనూ 1971లోనూ నెబ్రాస్కా జాతీయ ఛాంపియన్ అయింది. అదంతా బరువుల మహిమే అనడానికి నాకు మనసొప్పదు. అంతకుముందే ఆ జట్టులో మంచి ఆటగాళ్లు ఉన్నారు, డెవానీ గట్టి కోచ్. ఎప్లీ చేసిన అసలు పని వేరే ఉంది. అతను రాసిపెట్టాడు. ఎవడు ఎంత ఎత్తాడు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, నిలబడ్డచోటి నుంచి ఎంత ఎత్తు ఎగిరాడు అని కొలిచి, గోడ మీద పెట్టాడు. డెవానీ బెదిరింపే అతనికి గడియారం పట్టడం నేర్పిందని నాకనిపిస్తుంది. బరువు ఎత్తించే గురువులు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. ఎంత ఇస్తే ఎంత మార్పు వచ్చిందో కొలిచి నిలబడాల్సిన ఉద్యోగి మాత్రం అప్పుడే పుట్టాడు.

ఎప్లీకంటే ముందు కూడా ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. లూయిజియానాలో ఆల్విన్ రాయ్ 1955లో ఇస్ట్రూమా హైస్కూలు పిల్లలతో బరువులు ఎత్తించి రాష్ట్ర ఛాంపియన్లను చేశాడు. 1963లో శాన్ డియేగో ఛార్జర్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో చేరాడు. అక్కడి శిక్షణ శిబిరంలో ఆటగాళ్లకు భోజనంతోపాటు డయానబాల్ మాత్రలు కూడా అందాయి. అది కండ పెంచే స్టెరాయిడ్. ఈ వృత్తి బాలారిష్టాల్లో ఇదొకటి. మోతాదు ఎక్కువవడం ఎంత సులువో పుట్టుకలోనే తెలిసిపోయింది.

ఇంతకూ ఆ మోతాదు అనే ఆలోచన ఎక్కడిది? ఆటల నుంచి వచ్చింది కాదు, ఆస్పత్రి నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో షికాగోలోని ఒక సైనిక ఆస్పత్రిలో థామస్ డెలోర్మ్ అనే యువ వైద్యుడు పనిచేసేవాడు. మోకాళ్లు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి మంచాల మీద ఉండిపోతున్నారు. తేలికపాటి కసరత్తు వందలసార్లు చేయించడం అప్పటి పద్ధతి. డెలోర్మ్ దాన్ని తిరగేశాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో ముందు కనుక్కునేవాడు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని వారం వారం బరువు పెంచుతూ పోయాడు. మొదట్లో ఎక్కువ సెట్లు చేయించినా, 1948 నాటికి ఆ లెక్కను మూడు సెట్లకు కుదించాడు. మొదటి సెట్‌లో ఆ బరువులో సగం, రెండోదానిలో ముప్పాతిక, మూడోదానిలో పూర్తి బరువు. ఇవాళ హిందూపురంలోనో ధర్మవరంలోనో ఏ జిమ్‌కు వెళ్లినా కుర్రాళ్లు మూడు సెట్లు, పది రెప్స్ అంటుంటారు. ఆ లెక్క కుంటుతున్న సైనికుల కోసం పుట్టిందని వాళ్లకు తెలియదు.

బరువు ఎత్తినప్పుడు ఒంట్లో జరిగేది మూడు అంచెల్లో చూడొచ్చు. మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగదు, బలం మాత్రం పెరుగుతుంది. 1979లో మోరిటానీ, డివ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి దీన్ని చూపించారు. మెదడు నుంచి వచ్చే ఆజ్ఞకు ఇన్నాళ్లూ పలకని కండర పోగులు కూడా ఇప్పుడు పలుకుతాయి, ఒకేసారి పలుకుతాయి. అందుకే కొత్తగా చేరిన కుర్రాడు నెలలోనే రెట్టింపు ఎత్తేసి తానే భీముడననుకుంటాడు. రెండో అంచెలో కండర పోగులు మందమవుతాయి, దానికి నెలలు పడుతుంది. మూడోది స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లు. వాటికి రక్తప్రసారం తక్కువ, మార్పు నిదానం. కండ సిద్ధమై, స్నాయువు ఇంకా సిద్ధం కాని ఆ మధ్యకాలంలోనే చాలామంది మోకాలు చిప్ప కింద నొప్పితో ఆగిపోతారు. పక్కన నిలబడ్డ శిక్షకుడు చూడవలసింది ఈ తేడానే. కుర్రాడు ఎత్తగలడా అన్నది అతని ప్రశ్న కాదు. ఈ వారం ఎత్తనివ్వాలా అన్నది అతని ప్రశ్న.

ఇంకొక సంగతి మరిచిపోకూడదు. వ్యాయామం చేస్తున్న గంటలో మనిషి బలపడడు, బలహీనపడతాడు. పోగులు చిట్లుతాయి, నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. బలం ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లో, తిండిలోనూ నిద్రలోనూ వస్తుంది. ఆ రెండూ జరగకముందే మళ్లీ దెబ్బ వేస్తే అప్పు మీద అప్పు అవుతుంది.

ఇక ఉద్యోగం సంగతి. 1978లో ఎప్లీ చొరవతోనే లింకన్‌లో ఈ బలం పెంచే శిక్షకుల, అంటే స్ట్రెంగ్త్ కోచ్‌ల, జాతీయ సంఘం ఏర్పడింది. 1985లో ఆ సంఘం అర్హత పరీక్ష మొదలుపెట్టింది. కాలేజీ క్రీడల నియమాల ప్రకారం సీజన్ లేని నెలల్లో ఆటగాడి శిక్షణ వారానికి ఎనిమిది గంటలు దాటకూడదు. ఆ గంటల్లో ఎక్కువ భాగం బరువుల గదిలోనే గడుస్తుంది. అంటే ఏడాదిలో హెడ్ కోచ్‌కంటే ఎక్కువసేపు పిల్లల్ని చూసేది స్ట్రెంగ్త్ కోచే. ఒక కుర్రాడి ఇంట్లో గొడవ జరిగిందని, నిన్న రాత్రి నిద్రపోలేదని, అమ్మకు బాగాలేదని ముందు తెలిసేది ఇతనికే. పొద్దున ఐదింటికి మొదటి బ్యాచ్, సాయంత్రం చివరి బ్యాచ్. మొదట్లో జీతం లేకుండా ఏడాదో రెండేళ్లో ఎవరి దగ్గరో పనిచేయాలి. ఆ తరువాత చిన్న కాలేజీ, ఆ తరువాత పెద్దది. పైమెట్టుకు చేరినవాళ్లకు డబ్బుంది. అయోవా విశ్వవిద్యాలయం ఒక దశలో తన స్ట్రెంగ్త్ కోచ్‌కు ఏడాదికి 8 లక్షల డాలర్లు ఇచ్చింది.

అయితే ఆ మెట్టు కింద నేల గట్టిగా లేదు. ఇతన్ని తెచ్చుకునేది హెడ్ కోచ్. జట్టు ఓడి హెడ్ కోచ్ పోతే ఇతనూ సామాను సర్దుకోవాలి. ఆగమని చెప్పవలసిన మనిషి ఉద్యోగం, ఇంకా పరిగెత్తించమనే మనిషి చేతిలో ఉంది. నా మటుకు ఈ వృత్తిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. దీని ఫలితాలు కాగితాల మీద ఉన్నాయి.

2011 జనవరి. పైన చెప్పిన అయోవాలోనే, సెలవుల నుంచి తిరిగొచ్చిన ఆటగాళ్లకు ఒక కఠినమైన కసరత్తు పెట్టారు. ఒక్కొక్కరు ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సగాన్ని భుజాల మీద పెట్టుకుని వంద స్క్వాట్లు, అంటే వంద బస్కీలు. అది చాలదన్నట్టు బరువు బండి నెట్టడం. తరువాతి రోజుల్లో 13 మంది ఆస్పత్రి పాలయ్యారు. కండర పోగులు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరింది. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. తొడలు వాచి నడవలేకపోవడం, మూత్రం డికాషన్ రంగులో రావడం దాని గుర్తులు. అందరూ కోలుకున్నారు.

ఇది అమెరికా వింత అనుకోనక్కర్లేదు. మన బళ్లలో పిల్లలు ఆలస్యంగా వచ్చారనో హోంవర్క్ చేయలేదనో వంద గుంజీలు తీయిస్తారు. అయోవాలో పనిచేసిన శరీరధర్మమే ఇక్కడా పనిచేస్తుంది. అలవాటు లేని తొడలు, ఒకే కదలిక, ఆపే వీలు లేకపోవడం. భుజాన బరువు లేకపోవచ్చు గానీ, గుంజీలు తీసే పిల్లవాడు శిక్షణ పొందిన క్రీడాకారుడూ కాదు. గుంజీలు బలం పెంచుతాయనీ, మెదడు చురుకవుతుందనీ చెప్పేవాళ్లకు నా జవాబు ఒకటే. పది మంచివే, వంద శిక్షే. శిక్షకూ శిక్షణకూ తేడా తెలియని చోట కసరత్తు పెట్టకూడదు.

2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఆటగాడు జట్టుతో కలిసి 110 గజాల పరుగులు పది తీయాల్సి వచ్చింది. మధ్యలోనే అతను తూలిపోయాడు. పక్కవాళ్లు పట్టుకుని నడిపించారు. అది వడదెబ్బ. చల్లటి నీటి తొట్టిలో ముంచాల్సిన సమయం దాటిపోయింది. రెండు వారాల తరువాత, జూన్ 13న చనిపోయాడు. స్ట్రెంగ్త్ కోచ్ ఉద్యోగం వదిలి వెళ్లాడు, ఆ తరువాత హెడ్ కోచ్‌నూ తీసేశారు, తల్లిదండ్రులకు 35 లక్షల డాలర్ల పరిహారం 2021లో ఖరారైంది. ఇది మ్యాచ్‌లో జరగలేదని గమనించాలి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఢీకొనడం వల్ల కాకుండా జరిగిన మరణాల్లో చాలావాటికి వేదిక స్టేడియం కాదు, ఇలాంటి కసరత్తు పూటలే.

దీనికి ముందే, 2006లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ల కుర్రాడు వంద గజాల పరుగులు పదహారు తీశాక కుప్పకూలి మరునాడు మరణించాడు. అతను సికిల్ సెల్ వాహకుడు. అంటే జబ్బు లేదు, జన్యువు ఒక్కటే ఉంది. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా పరిగెత్తిస్తే మాత్రం ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి కండరాలకు రక్తం అందకుండా చేస్తాయి. 2010 నుంచి అక్కడి పెద్ద కాలేజీల్లో ఆటగాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి అయింది. ఇది మనకు బాగా దగ్గర విషయం. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఈ జన్యువు ఉన్నవాళ్లు చాలామంది. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది కూడా. పాడేరు నుంచో అరకు నుంచో క్రీడా పాఠశాలకు వచ్చిన పిల్లవాడు పరుగులో ముందుగా ఆగిపోతే బద్ధకం అనుకునే ముందు ఒక రక్తపరీక్ష చేయించాలి.

ఈ వృత్తికి మన దగ్గర పేరు లేని రోజుల్లో ఆ పని చేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో 1909లో పుట్టాడు. వృత్తి బడిపంతులు, తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు మన ఫుట్‌బాల్‌లో శిక్షణ ఇచ్చి వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. భారత జట్టు అతని చేతుల్లో 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన మైదాన్ సినిమా అతని కథే.

సినిమా ఎత్తుగడల మీదా, మాటల మీదా ఎక్కువ దృష్టి పెట్టింది. నాకు ఆసక్తి కలిగించేది అతనికి దక్కిన ముడిసరుకు. అప్పట్లో దేశంలోని మ్యాచ్‌లు 90 నిమిషాలు ఉండేవి కావు, అంతకంటే తక్కువే. చాలామంది ఉత్త కాళ్లతో ఆడేవారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడడానికి చలి, బూట్లు ఎంత కారణమో, అలవాటు లేని పూర్తి నిడివీ అంతే కారణం. చివరి ఇరవై నిమిషాలు ఆడే దమ్ము ఎక్కడో కొనుక్కునేది కాదు, ముందుగా ఒంట్లో పోగుచేసుకోవాల్సింది. రహీం పంతులు గనుక పాఠాన్ని ముక్కలుగా విడగొట్టాడు. అలవాటు లేని కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టాడు. ఇష్టమైన కాలికి విశ్రాంతి, ఇష్టంలేని కాలికి పని. మోతాదు ఆలోచన అంటే ఇదే. 1962 జకార్తా ఫైనల్‌లో, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి తీసి ముందు వరసలో ఆడించాడు. అతనే ఒక గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచారు. అప్పటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడు జూన్ 11న కన్నుమూశాడు.

ఆ తరువాత మనకు పటియాలా సంస్థ (1961) డిప్లొమాలు వచ్చాయి, బీపీఎడ్ కాలేజీలు వచ్చాయి, క్రికెట్ జట్టులో ప్రత్యేక శిక్షకులు వచ్చారు. అయినా పేరు విషయంలో పాయెస్ కాలానికీ మన కాలానికీ పెద్ద తేడా లేదు. 2019లో బాసెల్‌లో పి.వి. సింధు బ్యాడ్మింటన్ ప్రపంచ విజేత అయినప్పుడు ఆమెతో జిమ్‌లో పనిచేసిన శ్రీకాంత్ వర్మ ఎవరంటే చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

ఇక మళ్లీ మన వైపుకు వద్దాం. అనంతపురంలో ఫుట్‌బాల్ వేళ్లూనుకోవడానికి ఒక స్పెయిన్ దేశస్థుడు కారణం. ఎప్లీకి ఉద్యోగం దొరికిన 1969లోనే విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో పని మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్డీటీ, చెరువులూ ఆస్పత్రులూ బళ్లూ కట్టాక ఆటలకూ చోటు పెట్టింది. అనంతపురం స్పోర్ట్స్ అకాడమీలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఫుట్‌బాల్ శిక్షణ ఉంది, పల్లె జట్లు ఆడే లీగ్ ఉంది. క్రికెట్, కబడ్డీ తప్ప తెలియని జిల్లాలో ఇది చిన్న మార్పు కాదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన గుడిబండలో ఒక పీఈటీని, అంటే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, ఊహించుకుందాం. నలభై మంది పిల్లలు, రెండు బంతులు, మట్టి మైదానం. జిమ్ లేదు. నెబ్రాస్కా విద్యలో ఎంత భాగం ఇక్కడ పనికొస్తుంది? బార్‌బెల్ పనికిరాకపోవచ్చు, నోట్‌బుక్ పనికొస్తుంది. కార్ల్ ఫోస్టర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చిన సులువైన లెక్క ఒకటుంది. సాధన అయ్యాక పిల్లవాణ్ణి అడగాలి, సున్నా నుంచి పదిలోపు ఎంత కష్టమనిపించిందిరా అని. ఏడు అన్నాడనుకోండి. గంటసేపు ఆడితే 60ని 7తో గుణించి 420 అని రాసుకోవాలి. వారం మొత్తం కూడితే ఆ వారపు భారం. పోయిన వారం 1,500 ఉండి ఈ వారం 3,000 అయిందంటే ఎవడో ఒకడికి తొడ వెనక కండ పట్టేస్తుంది. వారానికి పది శాతమే పెంచాలనే సూత్రం ఒకటి చెలామణిలో ఉంది. అది ప్రకృతి నియమం కాదు, ఉజ్జాయింపు లెక్క. హఠాత్తుగా రెట్టింపు చేయకూడదన్నదే దానిలో పనికొచ్చే ముక్క.

తొడ వెనక కండకు పరికరం అవసరం లేని వ్యాయామం ఒకటుంది. మోకాళ్ల మీద నిలబడితే స్నేహితుడు మడమలు పట్టుకుంటాడు. నడుం వంచకుండా నెమ్మదిగా ముందుకు వాలాలి, ఆపుకోలేనప్పుడు చేతుల మీద పడాలి. దీన్ని నార్డిక్ అంటారు. దీన్ని క్రమం తప్పకుండా చేసే జట్లలో తొడ వెనక గాయాలు దాదాపు సగానికి తగ్గాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ చెబుతోంది. మొదటి వారం ఐదుసార్లు చాలు. నొప్పి తెలియలేదని కుర్రాడు ఉత్సాహపడతాడు. "ఇంగొక సెట్ చేస్తా సార్" అంటాడు. "సాలు లేప్పా, ఎల్లుండి చేద్దాం" అనగలిగితే ఆ సారు సగం విద్య నేర్చినట్టే.

తిండి విషయంలో మన జిల్లా అంత పేదదేం కాదు. బలం పెంచే సాధనలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలని 2018లో వచ్చిన పెద్ద విశ్లేషణ తేల్చింది. 55 కిలోల కుర్రాడికి అది 88 గ్రాములు. డబ్బా పొడి కొనకుండానే లెక్క కుదురుతుంది. వంద గ్రాముల శనక్కాయ విత్తనాల్లో 25, రెండు గుడ్లలో 12, నూటయాభై గ్రాముల రాగిపిండి ముద్దలో 11, రెండొందల గ్రాముల బియ్యంలో 15, ఎనభై గ్రాముల కందిపప్పులో 17, పావులీటరు పాలలో 8. కూడి చూడండి. కందిపప్పు బదులు ఉలవలైనా అదే లెక్క. శనక్కాయ పండించే జిల్లాలో పిల్లవాడు దాన్ని అమ్మి, వేలు పోసి ప్రొటీన్ డబ్బా కొనడం చూస్తే నాకు చిరాకు.

మిగిలింది ఎండ. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది, దేశంలో అతి పొడి ప్రాంతాల్లో ఒకటి. మచిలీపట్నంలో ఆడేవాడికి చెమట ధారగా కారి చొక్కా తడిసిపోతుంది, వాడికి దాహం గుర్తొస్తుంది. గుడిబండలో గాలి పొడి, చెమట పుట్టగానే ఆరిపోతుంది. ఒక రకంగా అది మంచిదే. ఒంటిని చల్లబరిచేది ఆరిన చెమటే, కారిన చెమట కాదు. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. చిక్కల్లా ఎంత పోయిందో ఆటగాడికి తెలియకపోవడమే. అందుకు తూకం యంత్రం ఒకటి చాలు. ఆటకు ముందూ తరువాతా బరువు చూడాలి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు. ఉప్పు కలిపిన మజ్జిగకు మించిన పానీయం ఈ పనికి నాకు తోచలేదు.

ఎండకు శరీరం అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఆ రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, దానితో పోయే ఉప్పు తగ్గుతుంది. వేసవి సెలవుల్లో బెంగళూరు వెళ్లి ఏసీ గదిలో పనిచేసి వచ్చిన కుర్రాణ్ణి, ఊళ్లోనే ఉండి అలవాటైన కుర్రాణ్ణి మొదటిరోజే ఒకే వరసలో పరిగెత్తించకూడదు. అమెరికా కాలేజీలు ఈ పాఠాన్ని 2003లో నియమంగా రాసుకున్నాయి. మొదటి ఐదు రోజులూ తక్కువ పని, కవచాలు ఒక్కొక్కటిగా. 2001లో కోరీ స్ట్రింగర్ అనే ప్రొఫెషనల్ ఆటగాడు వడదెబ్బకు చనిపోయిన తరువాత గానీ వాళ్లకు అది తట్టలేదు. ఆయన పేరుమీద కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో 2010లో ఒక పరిశోధన సంస్థ వెలిసింది.

ఆట మధ్యలో వచ్చే వడదెబ్బకు ఒక మోసం ఉంది. ఒళ్లు పొడిగా కాలిపోతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. పరిగెత్తేవాడికి ఒళ్లు చెమటతో తడిగానే ఉండొచ్చు. తూలడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం, ఎవరి మీదో కోప్పడడం, ఇవే ముందు కనిపించే గుర్తులు. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అక్కణ్ణుంచి అరగంటలోపు దాన్ని దించాలి. అమెరికాలోని ఫాల్మౌత్ పరుగు పందెంలో 18 ఏళ్లలో ఇలా పడిపోయిన 274 మందిని వెంటనే చల్లటి నీటి తొట్టిలో కూర్చోబెట్టారు, ఒక్కరూ చనిపోలేదు. మైదానం పక్కన కావలసింది పెళ్లిళ్లకు వాడే పెద్ద ప్లాస్టిక్ తొట్టి, నీళ్లు, ఐసు, పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు. మెడదాకా ముంచి, నీటిని కలుపుతూ ఉండాలి. 108కి ఫోన్ చేయాలి గానీ బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకూడదు. బండి వచ్చినా, ఉష్ణోగ్రత 39 దరిదాపులకు దిగేదాకా కుర్రాణ్ణి తొట్టిలోంచి తీయకూడదు. దాన్ని కొలిచే థర్మామీటరు చంకలో పెట్టేదై ఉండకూడదు, మలద్వారంలో పెట్టేదై ఉండాలి. చంకలోని అంకె చెమటకూ నీటికీ తగ్గిపోతుంది. మన బళ్లలో పీఈటీకి ఈ పని చేసే చొరవ, అనుమతి రెండూ ముందే ఉండాలి. అమెరికాలో పెద్ద కాన్ఫరెన్సుల, అంటే పెద్ద పోటీ కూటముల, కాలేజీలు ఈ అధికారాన్ని 2016లో రాసి మరీ ఇచ్చాయి. ఆటగాడి ఆరోగ్యం విషయంలో డాక్టరూ అథ్లెటిక్ ట్రైనరూ చెప్పిందే తుది మాట, హెడ్ కోచ్ కాదనడానికి లేదు. మేరీలాండ్ అలాంటి కాన్ఫరెన్సులోదే. నియమం వచ్చిన రెండేళ్లకే మెక్‌నెయిర్ అక్కడ పడిపోయాడు.